మా రోడ్డు చెట్లకు నేను వేసిన నంబర్లు

మొన్న బుధవారం పొద్దున, మా బడిలో రెండో పీరియడ్ గంట కొట్టి వచ్చి మెట్ల మీద కూర్చున్నప్పుడు, నేను బి.ఏ. పాసయ్యానని ఫోన్‌లో తెలిసింది. మైలార్‌దేవ్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్లుగా ఆయా పని చేస్తున్నాను. పిల్లల ముక్కులు తుడుస్తూ, టిఫిన్ డబ్బాల మూతలు తీసిస్తూ, ఆదివారాలు దూరవిద్య క్లాసులకు పోతూ, ఇంట్లో కుక్కర్ మూడు కూతలు పెట్టేలోపు ఒక పేజీ చొప్పున చదువుతూ నెట్టుకొచ్చిన చదువది. మా పుట్టింట్లో గానీ అత్తగారింట్లో గానీ నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. నలభైకి దగ్గరపడ్డ ఆడది బడి మెట్ల మీద గంతులేస్తే బాగుండదని తెలిసి కూడా రెండుసార్లు ఎగిరాను. మూడో తరగతి పిల్లలు కిటికీలోంచి చూసి, ఎందుకో తెలియకపోయినా, చప్పట్లు కొట్టారు.

బడి నడిపే మేడమ్ ఆ పూటకు సెలవిచ్చింది. కిలో బాలుషాయి కొని ఊళ్లో ఉన్న నాన్నకు, మా బాపుకు, చెప్పడానికి బస్సెక్కాను. ఫోన్‌లో చెప్పేసి ఊరుకునే మాట కాదది. సంతోషం ఆగక బస్సులోనే డబ్బా విప్పి పంచుతుంటే కండక్టరమ్మ అడిగింది.

"ఏందక్కా, బస్సంత తీపి జేస్తున్నవ్, బిడ్డ పెండ్లి కుదిరిందా?"

"కాదు చెల్లె, నేనే పాసైన. డిగ్రీ."

"నువ్వా!" అని ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "మా ఆయన టెన్త్‌ల మూడుసార్లు తప్పిండు. ఆయనకు రెండు ఎక్కువ పెట్టు, జర నీ సదువు అంటుకుంటదేమో," అంది. బస్సంతా నవ్వింది. నేను నిజంగానే రెండు ఎక్కువ పెట్టాను.

పహాడీ షరీఫ్ దాటి, శ్రీశైలం రోడ్డు మీద మంఖాల్ ఇంకా రాకముందే దిగితే కుడిచేతి వైపు మా ఊరి తొవ్వ. దిగి నాలుగడుగులు వేశానో లేదో, ఆ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. నేను నడుస్తున్నది ఆ పాత రోడ్డు మీదే. అక్కడక్కడా తారు పెచ్చులు మిగిలి ఉన్నాయి. ఎవరో సగం రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోసుకున్నారు. వాటిని తొక్కే బండి రాదని వాళ్లకు తెలుసు. మా ఊరు దాటాక కొంచెం దూరంలో ఆ రోడ్డు ఎయిర్‌పోర్టు గోడకు తగిలి అక్కడితో అయిపోతుంది. పెళ్లయిన తర్వాత ఎన్నోసార్లు ఆ తొవ్వన వచ్చాను, పోయాను. కానీ చేతిలో డిగ్రీ వార్త పెట్టుకొని రావడం అదే మొదటిసారి. నా చదువుకూ ఆ రోడ్డుకూ ఒక పాత లెక్క ఉంది.

మీలో శంషాబాద్ చుట్టుపక్కల పెరిగిన నా ఈడు వాళ్లుంటే ఆ రోడ్డు గుర్తుండే ఉంటుంది. శంషాబాద్ బస్టాండు దగ్గర బెంగళూరు రోడ్డును వదిలి తూర్పుకు తిరిగి, నల్లగుండ్ల మధ్య నుంచి వంకర్లు పోతూ, వర్షాకాలంలో రెండు మూడు రోజులు బస్సును ఆపేసే వాగు మీది చిన్న వంతెన దాటి, సీతాఫలం పొదల గుట్టను ఆనుకొని మా ఊరికి వచ్చి, మంఖాల్ దిక్కు సాగి శ్రీశైలం రోడ్డులో కలిసేది. కాగితాల్లో అది రాష్ట్ర రహదారి. ఆకుపచ్చ తల ఉన్న కిలోమీటరు రాళ్లుండేవి. మాకు మాత్రం అది శంషాబాద్ తొవ్వ, శంషాబాద్ వాళ్లకు మంఖాల్ తొవ్వ. రోజుకు నాలుగుసార్లు బస్సు తిరిగేది. ఆ డ్రైవరు మా ఊళ్లో ఎవరింట్లో ఎవరికి జ్వరమో కూడా తెలిసినవాడు కాబట్టి, దవాఖానకు పోయేవాళ్లు ఇంకా చెప్పులు వేసుకుంటున్నా సరే, హారను కొట్టుకుంటూ నిలబడేవాడు.

మా నాయనమ్మ కాపురానికి వచ్చేనాటికి అది ఎడ్లబండ్ల బాటేనట. అంగడికి పోయేవాళ్లు, ఉర్సుకు పహాడీ షరీఫ్ గుట్ట మీది దర్గాకు పోయేవాళ్లు ఆ దుమ్ములోనే పోయేవారట. తర్వాత కంకర వేశారు. ఆ కంకర కొట్టిన ఆడవాళ్లలో నాయనమ్మ ఒకతె. కంకర అయిపోయాక రోడ్డుకు రెండు పక్కలా చింత మొక్కలు, నడుమ నడుమ వేప మొక్కలు నాటి, ఒక్కో కూలి మనిషికి ఒక రాయి నుంచి ఇంకో రాయి దాకా మొక్కలకు నీళ్లు పోసే పని అప్పజెప్పారు. నాయనమ్మ వంతు మా ఊరి నుంచి వాగు వైపు. వాగులో చెలిమ తోడి బిందెలతో మోసేది. మా బాపు అప్పటికి పాలు తాగే పసివాడు, చీర ఉయ్యాలలో కంకర కుప్పల పక్కన ఊగేవాడు. ఆ చెట్లు మీ బాపు ఈడువే అని ఆమె చెప్పినప్పుడల్లా, మా బాపు కంటే చెట్లే మంచిగ ఎదిగినయి అని నేను ఆటపట్టించేదాన్ని. బాపు పొట్టివాడు. నాయనమ్మ మూతికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్వేది.

బాపు పెద్దయి అదే రోడ్డు మీద గ్యాంగు పనిలో చేరాడు. గుంతల్లో మొరం నింపడం, వానలకు ముందు పక్క కాలువలు తీయడం, బస్సు అద్దాలకు తగిలే తుమ్మకొమ్మలు నరకడం, చెట్ల మొదళ్లకు తెల్లటి సున్నం, ఎర్రటి గేరు పట్టీలు వేయడం ఆయన పని. దసరా నాడు గ్యాంగు వాళ్లంతా పారలు, గడ్డపారలు కడిగి బొట్లు పెట్టి, రోడ్డు పక్కన వరుసగా ఆనించి కొబ్బరికాయ కొట్టేవారు. రోలరు బండి ఆ దగ్గరలో ఉంటే దానికీ బంతిపూల దండ పడేది. ఎన్నేళ్లు చేసినా ఆయన ఉద్యోగం పర్మినెంట్ కాలేదు. ఈ ఏడు అవుతుంది, వచ్చే ఏడు అవుతుంది అన్న మాట మధ్యలోనే నేను పుట్టాను, బడికి పోయాను, పది పాసై శంషాబాద్‌లో ఇంటర్‌లో చేరాను. బాపుకు అంకెలు వేయడం వరకే వచ్చు, ఇంట్లో అక్షరం వచ్చినది నేనొక్కదాన్నే. బస్సు బోర్డు చదవాలన్నా, కరెంటు బిల్లు చూడాలన్నా, దవాఖానలో ఇచ్చిన గోలీల్లో ఏది పొద్దున ఏది రాత్రి అని చెప్పాలన్నా నాయనమ్మ నన్నే పిలిచేది. ఎదురుగా చదువుకున్న మాస్టారు నిలబడి ఉన్నా సరే, మా మనుమరాలు సదివితేనే నాకు నమ్మకం అనేది.

చలి తగ్గి చింతకాయ పండబారుతుందనగా ప్రతి ఏడూ ఆ చెట్లకు నంబర్లు వేసి కాతను వేలం పాడేవారు. చెట్టు సర్కారుది, కాయ పాడుకున్నవాళ్లది. మా ఊరి ఆడవాళ్లు పదిమంది ఒక జట్టు కట్టి నాయనమ్మ పెంచిన వరుసనే పాడుకునేవారు. ఆ నెలంతా ఊళ్లో ఏ ఇంటి ముందు చూసినా చాపలు, వాటి మీద చింతపండు, చుట్టూ కూర్చుని గింజ కొట్టే ఆడవాళ్లు. గోళ్లు ఎర్రబడి పులుపు పట్టి, అన్నం కలుపుకుంటే చేతులు మండేవి. ఆ మంటలో కూడా వాళ్ల నోళ్లకు సెలవుండేది కాదు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న ఆ ఏడు ఎయిర్‌పోర్టు మాట ఊళ్లో అప్పటికే ఉంది. కొలిచేవాళ్లు వచ్చి పోతున్నారు, కొందరి భూములు పోతాయని తెలిసిపోయింది. అయితే రోడ్డు పోతుందని మాలో ఒక్కరికి కూడా తోచలేదు. భూమికి పట్టా ఉంటుంది, పట్టా ఉన్నదాన్ని అడిగి తీసుకుంటారు. రోడ్డు ఎవరి పేరు మీదా లేదు కదా, దాన్ని ఎవరి దగ్గర తీసుకుంటారు అని మా ఊరి పెద్దమనుషులు అరుగుల మీద కూర్చుని తేల్చి చెప్పేవారు. మేమూ నమ్మాం.

ఒక ఆదివారం పొద్దున బాపు బయటి నుంచి వచ్చి, చాయ కూడా తాగకుండా, "నడువు బిడ్డా, నంబర్లేసే పెయింటర్ రాలే. నువ్వే ఏయాలె," అన్నాడు. నాకు రెక్కలొచ్చినట్టయింది. నా దస్తూరి మంచిదని కాలేజీలో పేరు. నా రాత నోటుపుస్తకం దాటి బయట పదిమంది చూసేచోట ఉండబోవడం అదే మొదలు. బాపు కొడవలితో బెరడు అరచేతి మేర చెక్కి గేరు పూస్తే, అది ఆరీ ఆరకముందే నేను తెల్లరంగుతో అంకె వేసేదాన్ని. సున్నాలు గుండ్రంగా రావాలని నాలుక బయటపెట్టి మరీ వేశాను. వేపచెట్టు వచ్చినప్పుడు బాపు దానికీ బెరడు చెక్కాడు.

"యాపచెట్టుకెందుకు బాపు? యాపకాయ గూడ వేలం పెడ్తరా?" అని నవ్వాను.

"ఏయమన్నకాడికి ఏయి," అన్నాడు.

పొద్దెక్కాక నాయనమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని అటుగా వచ్చింది. మోపు దించి, నేను వేసిన అంకెను దగ్గరికి పోయి చూసింది.

"గిదెంత?"

"నలభై ఏడు."

"నేను నీళ్లు పోస్తి, నువ్వు రాతలు రాస్తివి. మంచిగున్నది పో!" అని, బాపు వైపు తిరిగి, "నీకేమైందిరా, మూతి గట్ల పెట్టినవ్? బిడ్డ రాతలు జూసి కుషీ గావాలె గద," అంది.

"ఎండ కొడ్తున్నదవ్వా," అన్నాడు బాపు.

రెండు వారాలు గడవకముందే ఒక సోమవారం, కాలేజీకి పోతుంటే మా బస్సు వాగు ఇవతలే ఆగిపోయింది. ముందు ఏదో యాక్సిడెంటు అనుకున్నాం. దిగి చూస్తే రోడ్డుకు అడ్డంగా చింతచెట్టు పడి ఉంది, దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. రంపం మిషన్ల చప్పుడుకు మాట వినబడడం లేదు. పడిన మొద్దు మీద నేను వేసిన అంకె ఆకాశం వైపు తిరిగి ఉంది. వాళ్లు వరుస తప్పకుండా, నేను వేసిన నంబర్ల ప్రకారమే, ఒక్కొక్కటి కాగితంలో కొట్టుకుంటూ నరుకుతున్నారు. చింతా వేపా అని లేదు. అప్పుడు అర్థమైంది నాకు వేపచెట్టు సంగతి. చదువుకున్నదాన్ని, అడిగి నవ్వి ఊరుకున్నాను తప్ప, వేలం లేని చెట్టుకు నంబరెందుకని ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు.

ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. కాత పాడుకుందామని ఎదురుచూస్తున్న ఆడవాళ్లకు కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. రోడ్ల ఆఫీసు సార్లు జీపులో వచ్చి జీపులోనే పోయారు, మిషన్ల వాళ్లది వేరే భాష. చివరికి నేను దొరికాను. "ఓ నంబర్ల పిల్లా, మా ముసలోని వీపు మీద గూడ ఒక నంబరేయవే, వచ్చి తీస్కపోతరు," అని ఒకామె అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆటపట్టింపు సగమే. చాలా రోజులు నేను నీళ్లకు పోయినా, కిరాణా కొట్టుకు పోయినా అదే పేరు. బాపును ఎవరూ ఏమీ అనలేదు. ఆయన కూలివాడు, చెప్పింది చేశాడు అనుకున్నారు. రాసింది నేను.

నాయనమ్మ ఆ రోజు ఏడవలేదు. పడిన చెట్ల మధ్య నిలబడి నన్ను ఒక్కటే అడిగింది.

"గందుకేనా ఏసింది?"

"నాకు తెల్వదు నాయనమ్మా. నిజంగ తెల్వదు."

"సదువుకున్నదానివి గద," అంది.

కోపంగా అనలేదు, అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది. ఆ తర్వాత ఆమె నన్ను తిట్టలేదు, అన్నం పెట్టడం మానలేదు, తల దువ్వడం మానలేదు. కానీ మళ్లీ ఎన్నడూ ఏదీ చదవమని నన్ను అడగలేదు. దవాఖాన నుంచి గోలీలు తెచ్చుకుంటే, నేను గడపలో కూర్చుని ఉండగానే, కర్ర పట్టుకొని కిరాణా కొట్టుదాకా పోయి షావుకారుతో చదివించుకొని వచ్చేది. ఒకసారి నేనే చేయి చాపి, ఇటియ్యి నాయనమ్మా నేను చూస్త అన్నాను. "ఎందుకు తీ, ఆయన జెప్పిండు," అని గోలీలు కొంగున ముడేసుకుంది. ఆమె దగ్గర మళ్లీ ఒక్కసారి, ఒక్క బస్సు బోర్డయినా సరే, చదివి వినిపించాలని నేను ఎంత కాచుకున్నానో చెప్పలేను. మూడేళ్లకు పోయింది. అడగకుండానే పోయింది.

ఈలోపు రోడ్డుకు అడ్డంగా ఎయిర్‌పోర్టు గోడ లేచింది. బస్సు ఆగింది. కిలోమీటరు రాళ్లను ఎవరో పశువుల కొట్టాలకు పునాదిగా వేసుకున్నారు. బాపును వేరే రోడ్డు గ్యాంగులోకి మార్చారు, సైకిల్ మీద దూరం పోయి వచ్చేవాడు. శంషాబాద్ పోవాలంటే పహాడీ షరీఫ్ మీదుగా చుట్టు తిరిగి రెండు బస్సులు మారాలి. కాలేజీ ఎందుకు మానేశావని అడిగినవాళ్లకు ఆ రెండు బస్సుల సంగతే చెప్పేదాన్ని. అది సగం నిజం. పరీక్షలో హాల్‌టికెట్ నంబరు వేయడానికి పెన్ను ఎత్తితే చేయి ఆడలేదు, లేచి వచ్చేశాను అన్న మిగతా సగం మా ఆయనకు కూడా చెప్పలేదు. మొదటిసారి మీకే చెబుతున్నాను.

చాలా ఏళ్లకు మా బడిలో మేడమ్ ఒకరోజు అడ్మిషన్ల హడావుడిలో రిజిస్టరు నా ముందు పడేసి, జర ఈ పిల్లల పేర్లు ఎక్కించు అంది. వద్దనబోయి, అవతల తల్లులు ఎండలో నిలబడి ఉంటే మొహమాటపడి రాశాను. ఆ రాత చూసి ఆమె నన్ను వదల్లేదు. ఆగిన ఇంటర్ పూర్తి చేయించింది, డిగ్రీ ఫారం తానే తెచ్చింది. నేను ఒప్పుకున్నది ఉద్యోగం కోసమేనని అందరూ అనుకున్నారు. చదువుకున్నదానివి కదా అన్న మాటకు ఎప్పటికైనా ఒక జవాబు చెప్పుకోవాలని నాలోపల ఉండేది.

ఇంటికి చేరేసరికి బాపు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వార్త చెప్పగానే లేచి నిలబడ్డాడు. బాలుషాయి నోట్లో పెట్టబోతే ఆపి, గోడ మీద నుంచి పక్కింటామెను కేకేసి పిలిచాడు. "ఇగో, మా బిడ్డ బీఏ! మీ ఇంట్ల ఉన్నరా ఒక్కరన్న?" ఆమె ఏమన్నా తక్కువ తిన్నదా, "నీ బిడ్డకు నీ తెలివి రాలే, గందుకే పాసైంది," అంది. ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. ఆమె పోయాక బాపు కూర్చుని చేతులు తుడుచుకొని, తువ్వాలు మడిచాడు.

"ఇగ నువ్వు పెద్ద సదువు సదివినవ్. నీకొకటి జెప్పాలె," అన్నాడు. "గా నంబర్లు దేనికో నాకు తెలుసు బిడ్డా. గా పొద్దుగాల్నే సారు జెప్పిండు, కొట్టేస్తరని. పెయింటర్ రానిదేం లేదు. నా గ్యాంగుల నుంచే ఎవరన్న ఏయాలె అన్నరు. పర్మినెంటు కాగితం సారు చేతిల ఉండె. కొడవలైతే పట్టిన గని, నంబరేసేతందుకు చేయి లేవలే. నీకు జెప్తే నువ్వు ఏయకపోదువు."

"నాయనమ్మకు జెప్పినవా?" అని అడిగాను.

"జెప్దాం జెప్దాం అనుకున్న. నిన్ను సదవమని అడుగుతలేదని నాకు ఎరుకే. రోజు చూస్తనే ఉన్న." తువ్వాలు మళ్లీ విప్పాడు. "జెప్పలే."

ఇరవై ఏళ్లకు పైగా నా చేతిది అనుకున్న తప్పు నాది కాదని తెలిసిన రోజు మనసు తేలికపడాలి. పడలేదు. ఆ మాట వినాల్సిన మనిషి లేదు. చెప్పాల్సిన మనిషి, ముసలివాడై, నా మొహంలోకి చూస్తూ నా మాట కోసం కాచుకొని ఉన్నాడు. తిట్టడానికీ నోరు రాలేదు, పోనీలే బాపు అనడానికీ రాలేదు.

మా రోడ్డు ఉన్నన్నాళ్లు ఇలాంటి మాటలు మేం ఇంట్లో కూర్చుని చెప్పుకున్నది లేదు. బాపు పారతో పనికి పోతుంటే నేను పక్కన నడిచేదాన్ని. ఈసారి కొత్త బట్టలు లేవన్నా, నాకు ఏదో సంబంధం వచ్చిందన్నా, అమ్మ లేని ఇంట్లో ఆడపిల్లకు తండ్రే చెప్పాల్సి వచ్చిన సంగతులన్నా, ఇద్దరం ముందున్న తొవ్వను చూస్తూ నడుస్తుంటేనే బయటికి వచ్చేవి. చెప్పేవాడు నా మొహం చూడనవసరం లేదు, వినేదాన్ని అప్పటికప్పుడు జవాబు ఇవ్వనవసరం లేదు. అలిగితే నాలుగడుగులు వెనక నడిచేదాన్ని. రాళ్లు ఒకటొకటి దాటుతుంటే అలక కరిగి, వాగు వచ్చేసరికి మళ్లీ పక్కకు చేరేదాన్ని. మా ఊళ్లో అన్నదమ్ములు, అత్తాకోడళ్లు, పోట్లాడుకున్న జట్టువాళ్లు అందరి సంగతీ అంతే. ఒకే తొవ్వ, ఒకే బస్సు, ఎంత కాదనుకున్నా పక్కపక్కన నడవక తప్పేది కాదు. ఇప్పుడు మా చుట్టూ ఎన్ని రోడ్లు! నాలుగు లైన్లవి, ఎనిమిది లైన్లవి, రాత్రంతా దీపాలు వెలిగేవి. వాటి మీద మైలార్‌దేవ్‌పల్లి నుంచి తొందరగానే వచ్చేస్తాం, తొందరగానే పోతాం. తండ్రీ బిడ్డలు పక్కపక్కన నడిచే జాగా మాత్రం వాటిలో ఒక్కదాని మీదా లేదు.

"నడువు బాపు, జర అట్ల పోయొద్దాం," అన్నాను.

ఆయన చెప్పులేసుకున్నాడు. ఊరు దాటి, ఆరబోసిన మక్కలను తప్పుకుంటూ, ఇద్దరం నేల చూస్తూ నడిచాం. ఏదో చెప్పాలని మనసులో మాటలు ఇంకా పేర్చుకుంటూనే ఉన్నాను, గోడ వచ్చేసింది.